హవాయి వోల్కనోస్ పార్క్, నాహుకు లావా ట్యూబ్: అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా? చూసొచ్చినవాళ్ళు చెప్పండి

బెజవాడ_భాను:
అందరికీ నమస్తే. అమ్మా నాన్నా విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, పాప సెలవులకి అందరం కలిసి హవాయి బిగ్ ఐలాండ్ వెళ్దామని టికెట్లు తీసేసుకున్నాం. నాన్న స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు, మౌనా లోవా, కిలవేయా అని ఎన్ని బ్యాచులకి పాఠం చెప్పారో లెక్కలేదు, ఒక్క అగ్నిపర్వతాన్నైనా కళ్ళతో చూడాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కడం పర్లేదు, దిగడమే కష్టం. పాపకి ఏడేళ్ళు, చీకటంటే కొంచెం భయం.

అడగాలనుకున్నది ఏంటంటే పార్కులో లావా ట్యూబ్, అంటే లావా పారిపోయాక మిగిలిన గొట్టం లాంటి గుహ, ఉందిగా, థర్‌స్టన్ ట్యూబ్ అనేవాళ్ళు, ఇప్పుడు నాహుకు అని రాస్తున్నారు, అందులో నడవటం పెద్దవాళ్ళకి కుదురుద్దా? లోపల ఊపిరాడకపోవడం లాంటివి ఏమన్నా ఉంటాయా? మా హోటల్ కోనా వైపు, అక్కడ్నుంచి ఒక్కరోజులో వెళ్ళి వచ్చేయొచ్చా లేకపోతే పార్కుకి దగ్గర ఊరు హిలోలో ఓ రాత్రి ఉండటం మంచిదా?

సియాటిల్_శ్రీను:
మేం పోయినేడు వెళ్ళొచ్చాం అండి. ఉన్నమాట చెప్తున్నా, ట్యూబ్ కోసం అంత ప్లానింగ్ అక్కర్లేదు. ఇటు లోపలికి వెళ్ళాం అటు బయటికొచ్చాం, అంతే. పార్కింగ్ కోసం తిరిగిన టైమే ఎక్కువ పట్టింది, లోపల కూడా జనం, ముందు ఒక టూర్ బస్ గ్రూప్ వెనక ఒక గ్రూప్, నిలబడి చూద్దామంటే తోసుకుంటూ వెళ్ళిపోవడమే. మీ అదృష్టం బాగుండి లావా ఎగజిమ్మే రోజు దొరికితే ఆ రోజంతా రిమ్ మీదే, అంటే అగ్నిపర్వతం గొయ్యి అంచు మీదే ఉండండి, ట్యూబ్ వదిలేసినా ఏం పోదు.

హిలో_వానల్లో:
భాను గారూ, నేను హిలోలోనే ఉంటాను, ఊర్నుంచి ఎవరొచ్చినా పార్కుకి తీసుకెళ్ళే డ్యూటీ నాదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు దూరం సంగతి. కోనా నుంచి పార్కుకి 95 మైళ్ళ పైమాటే, రెండు గంటలు, రెండున్నర గంటలు పడుతుంది. హిలో నుంచి 30 మైళ్ళు, ముప్పావుగంట. పెద్దవాళ్ళతో పొద్దున వెళ్ళి రాత్రికి కోనా వచ్చేయడం అంటే రోజులో ఐదు గంటలు కారులోనే పోతుంది, పైగా లావా ఎర్రగా కనపడేది చీకటి పడ్డాకే, అది చూసి మళ్ళీ అంత దూరం రాత్రిపూట డ్రైవ్ చేయడం బాగోదు. హిలోలోనో, పార్కు పక్కనే ఉన్న వోల్కనో విలేజ్‌లోనో ఒక రాత్రి ఉండండి. గ్యాస్ ముందే కొట్టించుకోండి, పార్కు లోపల బంకు లేదు. తినడానికీ లోపల పెద్దగా ఏం దొరకదు, పులిహోరో దద్దోజనమో డబ్బాలో పెట్టుకుని వెళ్తే ప్రాణం హాయి.

ట్యూబ్ విషయం. కారు దిగాక చుట్టూ చెట్టంత ఎత్తు పెరిగిన ఫెర్న్‌లు, వాటిని ఇక్కడ హాపుఊ అంటారు, వాటి మధ్య నుంచి బాట వంపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. దిగాక చిన్న వంతెన, వంతెన దాటితే గుహ నోరు. లోపల లైట్లు ఉంటాయి, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా వేస్తారు. నేల చాలావరకు చదునే కానీ తడిగా ఉంటుంది, అక్కడక్కడా నీళ్ళు నిలుస్తాయి, చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి. కప్పు కొన్నిచోట్ల 20 అడుగుల ఎత్తుంటుంది, పొడుగువాళ్ళు ఒకటి రెండు చోట్ల తల వంచాలి. అటు చివర మెట్లెక్కి బయటికి రావాలి. అమ్మగారికి దిగడం కష్టం అన్నారు, ఈ దారిలో దిగేది బాట, ఎక్కేది మెట్లు, కాబట్టి నిదానంగా నడిపిస్తే అవుతుంది. చేతికర్ర ఉంటే తీసుకురండి. వీల్‌చైర్‌కి మాత్రం కుదరదు. మొత్తం చుట్టు అర మైలు కూడా ఉండదు. ఊపిరాడకపోవడం ఏం లేదు, రెండు వైపులా తెరిచే ఉంటుంది, చల్లగా గాలి ఆడుతూ ఉంటుంది.

శ్రీను గారు చెప్పిన రద్దీ నిజం. పొద్దున 9 లోపు వెళ్ళండి, లేదా సాయంత్రం 4 దాటాక. ట్యూబ్ దగ్గర పార్కింగ్ చాలా చిన్నది, నిండిపోతే అర మైలు ఇవతల కిలవేయా ఈకి అనే గొయ్యిని పైనుంచి చూసే ఓవర్‌లుక్ దగ్గర పెట్టి రిమ్ వెంబడి నడిచి రావచ్చు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళినవాళ్ళు అది బాలేదు అనడం వింటూనే ఉంటాను, అది గుహ తప్పు కాదు.

ఓరుగల్లు_పిల్ల:
హిలో అన్న చెప్పింది నూరుపాళ్ళు కరెక్ట్. మేము పొద్దుగాల ఎనిమిదింటికే పోయినం, లోపట మేము తప్ప ఎవ్వరు లేరు. పైనుంచి చెట్ల వేర్లు కప్పు చీల్చుకొని సన్నగ దారాల లెక్క వేలాడుతుంటయి, ఒక్కొక్క వేరు చివర నీటి చుక్క ఆగుతది, లైటు పడి మెరుస్తది, ఇగ పడుతది అనుకునేసరికి పడదు, మనం ముందుకు పోయినంక వెనుక టప్పుమని సప్పుడైతది. మా అత్తమ్మ అయితే ఆడనే నిలబడ్డది, ఎంత పిలిచినా కదల్లే. మీ పాప భయం గురించి పరేషాన్ గాకు అక్కా, మొత్తం చీకటేం గాదు, లైట్లు పచ్చగ మంచిగుంటయి, చేయి పట్టుకొని తీస్కపో.

రాళ్ళపిచ్చి:
ఈ టాపిక్ చూసి ఆగలేకపోతున్నా. నేను వైజాగ్‌లో జియాలజీ చదువుకున్నవాణ్ణి, ఇప్పుడు ఉద్యోగం వేరే కానీ రాళ్ళ మీద ప్రేమ పోలేదు. శ్రీను గారూ, "లోపలికి వెళ్ళాం బయటికొచ్చాం" అన్నారు చూడండి, ఎందుకలా అనిపిస్తుందంటే అక్కడ ఏం చూడాలో ఎవరూ చెప్పరు. అక్కడ చూడాల్సింది ఖాళీని కాదండి, గోడల్ని.

సంగతేంటంటే కిలవేయా లావా పల్చగా పారే రకం, బసాల్ట్, బయటికి వచ్చేటప్పుడు 1150 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ ఉంటుంది. పారుతుంటే పైన గాలి తగిలి మీగడ కట్టినట్టు తొక్క గట్టిపడుతుంది, అంచులు గట్టిపడతాయి, లోపల మాత్రం పారుతూనే ఉంటుంది. రాయి వేడిని సులువుగా బయటికి పోనివ్వదు, కాబట్టి ఒకసారి పైకప్పు కట్టిందంటే లోపలి లావా దాదాపు చల్లారకుండా మైళ్ళకి మైళ్ళు వెళ్ళిపోగలదు. అందుకే అంత దూరాన ఉన్న సముద్రం దాకా వెళ్ళేది. తర్వాత పైనుంచి రావడం తగ్గుతుంది, లోపల మట్టం దిగుతుంది, ఆఖరికి ఉన్నది కాస్తా జారిపోయి గొట్టం ఖాళీ అవుతుంది. మీరు నడిచేది ఆ ఖాళీలో.

ఇప్పుడు గోడలు. నడుము ఎత్తులో, భుజం ఎత్తులో అడ్డంగా గీతలు, చిన్న చిన్న గట్లు కనపడతాయి. లావా మట్టం ఎక్కడెక్కడ కాసేపు ఆగిందో అక్కడ గోడకి అంటుకుని గట్టిపడిన గుర్తులవి. పై గీత ముందుది, కింది గీత తర్వాతది, చదువుకుంటూ రావచ్చు. కప్పు వైపు చూస్తే కొన్నిచోట్ల నున్నగా మెరుస్తుంది, లోపలి వేడికి కప్పే మళ్ళీ కరిగి గట్టిపడిన చోటు అది. అలా కరిగి వేలాడే లావా చుక్కలు నాహుకులో ఒకప్పుడు బోలెడు ఉండేవి, కనుక్కున్న కొత్తలో వచ్చినవాళ్ళు గుర్తుగా విరుచుకుపోయారు, ఇప్పుడు దాదాపు ఏమీ మిగల్లేదు. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

వయసు సుమారు 500 ఏళ్ళు. 15వ శతాబ్దంలో కిలవేయా శిఖరం దగ్గర ఐలాఆవు అని ఒక పెద్ద పారుదల మొదలై దాదాపు 60 ఏళ్ళు సాగింది, నాహుకు దాని బిడ్డే. ప్రపంచంలోకెల్లా పొడవైన లావా ట్యూబ్ కజుమురా, 65 కిలోమీటర్ల పైన, అది కూడా ఆ పారుదలదే. అంటే మీరు నడిచే ఆ చిన్న ముక్క ఎంత పెద్ద సంఘటనలో భాగమో చూడండి.

అనంత_సుధ:
రాళ్ళపిచ్చి అన్నా, భలే చెప్పినావు. నాకొక డౌటు. మాది తాడిపత్రి పక్కన, చిన్నప్పటి నుంచి బెలుం గుహలకి పోతానే ఉన్నాం. ఇది కూడా అట్లనే ఉంటాదా? బొర్రా గుహలు, బెలుం చూసినోళ్ళకి ఇందులో కొత్త ఏముంటాది?

ఇంకోటి, మా ఆయనకి ఆస్తమా. వోల్కనో గ్యాస్ గురించి చదివితే భయమేస్తాంది. మేము కూడా పోదామనుకుంటా ఉండాము.

రాళ్ళపిచ్చి:
సుధ గారూ, రెండూ పూర్తిగా వేరు. బెలుం, బొర్రా సున్నపురాయి గుహలు. రాయి ముందు ఉంది, నీళ్ళు లక్షల ఏళ్ళు కరిగించి కరిగించి గుహ చేశాయి, నీళ్ళలోని సున్నం మళ్ళీ దిగి శివలింగాలూ జడలూ అన్నీ కట్టాయి, ఇప్పటికీ కడుతున్నాయి. లావా ట్యూబ్‌లో రాయీ గుహా ఒకేసారి పుడతాయి, కొన్ని వారాల్లో, నెలల్లో తయారైపోతుంది, ఆ తర్వాత పెరగడం ఉండదు, కూలడమే ఉంటుంది. బెలుంలో కొత్త ఆకారాలు వెతుకుతాం, ఇక్కడ పారిన దారి వెతుకుతాం.

మనవైపు లావా లేదనుకోకండి. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నది దక్కన్ లావానే, 6.6 కోట్ల ఏళ్ళ నాటిది. రాజమండ్రి దగ్గర కాతేరులో, కొవ్వూరు అవతల పంగిడిలో క్వారీల్లో తవ్వే నల్లరాయి కూడా బసాల్టే. అది పడమటి కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి నోటి దాకా వచ్చిందని పరిశోధకులు చెప్తున్నారు, భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా పారుదలల్లో అదొకటి. పంగిడి కంకర మీద నడిచి పెరిగినవాడికి కిలవేయా పరాయి ఊరు కాదండి.

హిలో_వానల్లో:
ఆస్తమా గురించి మాత్రం సీరియస్‌గా తీసుకోండి సుధ గారూ. ఎరప్షన్ ఉన్నప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, అది గాల్లో కలిసి మంచులాగా పరుచుకుంటుంది, దాన్ని ఇక్కడ వాగ్ అంటారు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలు జాగ్రత్తగా ఉండాలని పార్కువాళ్ళే చెప్తారు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది కాబట్టి ఒకే రోజు రిమ్‌కి ఒక పక్క ఘాటుగా, ఇంకో పక్క హాయిగా ఉంటుంది. పార్కు వెబ్‌సైట్‌లో ఎక్కడెక్కడ గాలి ఎలా ఉందో ఎప్పటికప్పుడు పెడతారు, పొద్దున లేవగానే అది చూసుకుని బయల్దేరండి. ఇన్‌హేలర్ కారులో వదలకుండా జేబులో పెట్టించండి. సల్ఫర్ బ్యాంక్స్ అనే చోటికి ఆయన్ని తీసుకెళ్ళొద్దు, అక్కడ నేల్లోంచే గ్యాస్ వస్తుంది.

ఇంకోటి, 2024 డిసెంబర్ 23న మొదలైన ఈ కిలవేయా ఎరప్షన్ ఆగి ఆగి వస్తోంది. ఒక్కోసారి కొన్ని గంటలు ఎగజిమ్మి ఆగిపోతుంది, మళ్ళీ కొన్ని రోజులో వారాలో గ్యాప్. వెయ్యి అడుగులు దాటి లేచిన సందర్భాలున్నాయి. ఆ టైంలో గాలికి సన్నటి గాజు పోగులు ఎగిరి వస్తాయి, ఇక్కడి అగ్నిపర్వత దేవత పెలే పేరు మీద పెలే జుట్టు అంటారు, బంగారు రంగులో చూడ్డానికి ఎంతో బాగుంటాయి కానీ ముట్టుకోకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, చర్మంలో గుచ్చుకుంటాయి, కంట్లో పడితే ప్రమాదం. జియలాజికల్ సర్వేవాళ్ళు లైవ్ కెమెరాలు పెట్టారు, హోటల్లో కూర్చునే చూసుకోవచ్చు, మొదలయ్యిందంటే బయల్దేరడమే.

సియాటిల్_శ్రీను:
@రాళ్ళపిచ్చి బ్రో, మీరు చెప్పిన గోడ గీతలు నా ఫొటోల్లో ఉన్నాయి, ఇప్పుడు జూమ్ చేసి చూస్తే క్లియర్‌గా మూడు వరసలు కనపడుతున్నాయి, అక్కడ ఉన్నప్పుడు అవి సిమెంట్ పనేమో అనుకుని వచ్చేశాం. ట్యూబ్ చిన్నదే అన్న మాట మీద మాత్రం నిలబడతా, దానికోసమే అంత దూరం అంటే కష్టం. పక్కన కిలవేయా ఈకి ట్రెయిల్ కలిపి చేస్తేనే గిట్టుబాటు.

వంశధార:
శ్రీను గారితో ఏకీభవిస్తాను, ఆ రెండూ కలిపే చూడాలి, ఎందుకంటే కథ ఒకటే. పైన 500 ఏళ్ళ నాడు లావా పారిన గొట్టం, పక్కనే 1959లో లావా నిండిన గొయ్యి. 1959 నవంబర్ 14న మొదలై డిసెంబర్ 20 దాకా సాగింది, లావా 1900 అడుగుల ఎత్తు ఎగిసింది, అంత ఎత్తు కిలవేయా మీద అంతకు ముందు ఎవరూ కొలవలేదు. గొయ్యిలో 400 అడుగుల లోతు లావా చెరువు నిలబడింది, పైన తొక్క కట్టినా లోపల పూర్తిగా గట్టిపడటానికి ముప్పై ఏళ్ళ పైనే పట్టింది. ఇప్పుడు దాని మీదే నడుస్తాం. వాన పడిన రోజు పగుళ్ళలోంచి ఆవిరి లేస్తూ ఉంటుంది, చెయ్యి దగ్గర పెడితే వెచ్చగా తగులుతుంది. దారి తెలియడానికి రాళ్ళు గుట్టలుగా పేర్చి ఉంటాయి, ఆహు అంటారు, వాటిని కదపకూడదు, కొత్తవి పేర్చకూడదు, వెనకొచ్చేవాళ్ళు మబ్బుల్లో దారి తప్పుతారు. చుట్టు 3.3 మైళ్ళు, 400 అడుగులు దిగి మళ్ళీ ఎక్కాలి. భాను గారి అమ్మగారికి ఇది వద్దు, నాన్నగారు, భాను గారు వెళ్ళొచ్చు. అమ్మగారికి డివాస్టేషన్ ట్రెయిల్ ఉంది, పక్కా బాట, చదును, అదే 1959 బూడిద కప్పేసిన అడవి, ఎక్కడో ఒక ఓహియా మొక్క ఎర్ర పూలు పూసి ఉంటుంది. మా అమ్మకి పార్కు మొత్తంలో నచ్చింది ఆ చెట్టే.

ఓహియా అనగానే గుర్తొచ్చింది, ట్రెయిల్స్ మొదట్లో బూట్లు తుడుచుకునే బ్రష్‌లు పెట్టి ఉంటాయి, దయచేసి తుడుచుకోండి. ఆ చెట్లకి ఒక ఫంగస్ పట్టి చచ్చిపోతున్నాయి, బురదతో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుంది. కొత్త లావా మీద మొదట లేచే చెట్టు అదే, నాహుకు కప్పులోంచి వేలాడే వేర్లూ ఎక్కువగా దానివే. చెట్టు పోతే వేర్లు పోతాయి, గుహలో ఆ వేర్ల రసం తాగి బతికే కళ్ళులేని పురుగులుంటాయి, అవీ పోతాయి. వేర్లని పట్టుకుని లాగి ఫొటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు.

బెజవాడ_భాను:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. ఒక రాత్రి హిలోలో బుక్ చేసేశాం. నాన్నకి ఈ థ్రెడ్ అంతా చదివి వినిపించా, పంగిడి సంగతి వినగానే లేచి కూర్చున్నారు, మా నాయనమ్మ వాళ్ళది కొవ్వూరు దగ్గరే.

అమ్మ ఒకటి అడగమంది. అక్కడి దేవత పెలే గురించి విని, కొబ్బరికాయ కొట్టి పసుపు కుంకుమ పెట్టొచ్చా అంటోంది. తన లెక్కలో అగ్నిపర్వతం అంటే అమ్మవారే.

హిలో_వానల్లో:
అమ్మగారు అన్నది ఇక్కడివాళ్ళు వింటే సంతోషిస్తారు. పెలే వాళ్ళకి కథల్లో దేవత కాదు, ఇంటి పెద్ద, కిలవేయా శిఖరం మీద ఉన్న హలెమాఉమాఉ గొయ్యి ఆవిడ ఇల్లు. రిమ్ మీద నిలబడి పాట పాడే హవాయి కుటుంబాలని నేను చాలాసార్లు చూశాను, అప్పుడు పక్కకి జరిగి నిశ్శబ్దంగా ఉండాలి, ఫోన్ ఎత్తకూడదు.

కానీ కొబ్బరికాయలు, పూలు, కుంకుమ అక్కడ వదలొద్దు. పార్కువాళ్ళు వద్దంటారు, తినే వస్తువులకి ఎలుకలు, ముంగిసలు వస్తాయి, అవి 'నేనే' అనే పేరున్న ఇక్కడి పక్షి గుడ్లు తినేస్తాయి. అమ్మగారిని రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకోమనండి, అంతకంటే ఏం అక్కర్లేదు. రాళ్ళు కూడా ఇంటికి తేవొద్దు, చట్టప్రకారం నేరం, పైగా తీసుకెళ్ళినవాళ్ళు భయపడి పోస్టులో తిరిగి పంపిస్తూ ఉంటారు, అలా వచ్చిన రాళ్ళని ఎక్కడివో తెలియక పార్కువాళ్ళు ఎక్కడా పెట్టలేరు.

దానికి సంబంధించి ఇక్కడ అందరికీ తెలిసిన ఒక సంగతి చెప్తాను. 1880లో మౌనా లోవా పేలి లావా నెలల తరబడి హిలో వైపు పాకుతూ వచ్చింది. 1881లో ఊరి అంచుకి చేరినప్పుడు రాకుమారి రూత్ కెఎలికోలాని హోనొలులు నుంచి వచ్చి లావా ముందు నిలబడి పెలేని ప్రార్థించి కానుకలు ఇచ్చింది, ఆ తర్వాత పారుదల ఆగింది. ఆ లావా చేసిన గొట్టమే హిలో పైన ఉన్న కౌమనా కేవ్స్.

వంశధార:
కౌమనా! నాకు నాహుకు కన్నా అదే ఇష్టం. లైట్లు లేవు, రెయిలింగ్ లేదు, టికెట్ లేదు. కప్పు కూలిన చోట నుంచి కాంక్రీట్ మెట్లు దిగితే అటొక నోరు ఇటొక నోరు, చుట్టూ పచ్చని నాచు. లోపలికి వెళ్ళేకొద్దీ వెలుతురు పోతుంది. లావా కరుగుతూ కారిన చారలు గోడ మీద ఉన్నవి ఉన్నట్టు, నిన్న ఆగినట్టు ఉంటాయి. పెద్దవాళ్ళకి మాత్రం వద్దు, నేలంతా విరిగిన రాళ్ళు.

బెజవాడ_భాను:
వెళ్ళొచ్చాం! అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

పార్కుకి కారుకి 30 డాలర్లు, వారం పనికొస్తుంది, రెండు రోజులూ అదే వాడుకున్నాం. క్యాష్ తీసుకోరు, కార్డే. పొద్దున వాన, నాలుగు వేల అడుగుల ఎత్తు కదా చలి కూడా, స్వెట్టర్లు పెట్టుకోవడం మంచిదైంది, హవాయి అంటే ఉక్కపోత అనుకునేవాళ్ళు గుర్తుంచుకోండి. ఎనిమిదిన్నర కల్లా ట్యూబ్ దగ్గర ఉన్నాం, పార్కింగ్ దొరికింది.

అమ్మ కర్ర పట్టుకుని బాట దిగింది, రెండు చోట్ల ఆగింది అంతే. వంతెన మీద నిలబడి గుహ నోరు చూసి "కొండ లోపలికి పోవడమా" అంది, పాప వెళ్ళి చెయ్యి పట్టుకుంది, భయపడాల్సిన పిల్లే అమ్మమ్మకి ధైర్యం చెప్పింది. నాన్న అయితే కళ్ళజోడు తుడుచుకుని గోడ పక్కనే నడిచారు. భుజం ఎత్తులో ఒక గట్టు ఉంది, వేలెడు మందం, గోడ పొడుగూతా అదే ఎత్తులో సాగుతోంది, దాని కింద జానెడు దూరంలో ఇంకోటి, అక్కడ మాత్రం మధ్యలో తెగి రాయి కిందికి వంగినట్టు ఉంది, గట్టిపడుతూ గట్టిపడుతూ బరువుకి జారిందన్నమాట. నాన్న ముట్టుకోకుండా వేలు గాల్లోనే ఆ గీత వెంట పోనిస్తూ పాపకి మొత్తం పాఠం చెప్పేశారు, ముందు ఇక్కడిదాకా నిండింది, తర్వాత ఇక్కడికి దిగింది, ఇక్కడ కాసేపు ఆగింది అని. వెనకాల వస్తున్న ఒక జపాన్ కుటుంబం కూడా ఆగి చూశారు, ఆయన తెలుగులోనే చెప్తున్నారు, వాళ్ళు వేలు పోయిన వైపల్లా చూస్తున్నారు. మాకు లోపల ముప్పావుగంట పట్టింది. శ్రీను గారూ, చిన్నదే, కానీ చూసేవాళ్ళకి సరిపడా ఉంది.

లావా మేం ఉన్నప్పుడు ఎగజిమ్మలేదు. రాత్రి రిమ్ నుంచి హలెమాఉమాఉ గొయ్యిలో ఒక చోట ఎర్రటి మెరుపు కనపడింది. నాన్న దానికే తృప్తి పడ్డారు. 2018లో ఆ గొయ్యి అడుగు కూలిపోయి 1600 అడుగుల లోతు అయ్యిందని, తర్వాత నీళ్ళు చేరి చెరువైందని, 2020 డిసెంబర్లో లావా వచ్చి ఆ నీళ్ళన్నీ ఆవిరి చేసిందని రేంజర్ చెప్తుంటే నేను అనువాదం చేస్తున్నా, నాన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు.

ఒక్కటే లోటు, గుహలో లైట్లున్న భాగం దాటాక ఇంకా ముందుకి ఉంది, అక్కడ గేటు వేసేశారు.

ఓరుగల్లు_పిల్ల:
అక్కా, మీ నాయిన గురించి చదువుతుంటే కండ్లల్ల నీళ్ళొచ్చినయి. గా నోట్‌బుక్ ఫొటో ఉంటే పెట్టు, మా పిల్లలకు చూపిస్త.

రాళ్ళపిచ్చి:
భాను గారూ, ఆ వంగిన గట్టు గురించి రాశారు చూడండి, అది చదివి నేను నా పాత ఫొటోలన్నీ తీశాను. నాన్నగారికి నా నమస్కారాలు. గేటు అవతల భాగం గురించి: ఒకప్పుడు టార్చ్ ఉన్నవాళ్ళని పోనిచ్చేవారు. 2018 భూకంపాల తర్వాత మొత్తం ట్యూబే మూసేశారు, రాళ్ళు వదులయ్యాయా, పగుళ్ళు పెరిగాయా అని చూసుకుని 2020 ఫిబ్రవరిలో ముందు భాగం తెరిచారు. గుహలో లోపలి పొరలు, వేర్లు, పురుగులు ఎవరూ తొక్కకుండా కొంత భాగమైనా ఉండాలి. మూసే ఉంచమనండి, నాకైతే ఆ గేటు సంతోషమే.

పేరు గురించి కూడా ఒకమాట. 1913లో లోరిన్ థర్‌స్టన్ అనే పత్రికాధిపతి ఈ గుహని బయటి ప్రపంచానికి చూపించాడు, 1916లో పార్కు రావడానికీ గట్టిగా పనిచేశాడు. అదే మనిషి 1893లో హవాయి రాణి లిలియువొకలానీని గద్దె దించినవాళ్ళలో ముందు వరసలో ఉన్నాడు. ఇక్కడి ప్రజలు పాత పేరే వాడాలని ఎందుకు కోరుకుంటారో దాన్నిబట్టి అర్థమవుతుంది. నేను నాహుకు అనే అంటాను.

అనంత_సుధ:
భాను, మీరు రాసింది చదివి మేమూ టికెట్లు చూస్తాండాము. మా ఆయన ఆస్తమాకి డాక్టర్‌ని అడిగితే గాలి బాగున్న రోజు చూసుకుని పొమ్మన్యాడు. వంశధార అన్నా, కౌమనాకి మా పెద్దోడు పోతానంటాండాడు, వానికి పదహారేండ్లు. ఫోన్ టార్చ్ చాలదా?

వంశధార:
చాలదు. తలకి కట్టుకునే లైటు ఒకటి, చేతిలో ఇంకో టార్చ్, స్పేర్ బ్యాటరీలు. లోపల ఒక లైటు ఆరిపోతే రెండోది లేకుండా బయటికి రాలేరు. సైకిల్ హెల్మెట్ అయినా సరే తలకి పెట్టించండి, కప్పు కిందికి వచ్చే చోట్లు చీకట్లో తెలియవు, రాయి గరుకు, తగిలితే చీరేస్తుంది. ఫుల్ ప్యాంటు, గ్లౌజులు. ఒక్కణ్ణీ పంపొద్దు, మీలో ఒకరు వెళ్ళండి, ఒకరు పైన ఉండి ఎన్నింటికి వస్తామన్నారో చూసుకుంటూ ఉండండి. గట్టి వాన ఉంటే ఆ రోజు మానుకోండి.

హిలో_వానల్లో:
సుధ గారూ, వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయండి. మా ఇంట్లో హెల్మెట్లు, హెడ్‌లైట్లు ఉన్నాయి, పెద్దవాడికి సరిపోయే సైజు చూసి పెడతాను. వీలైతే నేనూ వాడితో దిగుతాను.